అభిజ్ఞావిచారము
(ఆశ్రమవాస పర్వమందలి విదురదర్శనఘట్టము)

మహాభారతమున ఆశ్రమవాస పర్వము చిన్నది. యుద్ధపర్వముల ఘోష మడఁగిన పిమ్మట వచ్చునది కావున చదువరులు దీనిని త్వరితముగా దాఁటి మౌసలమునకుఁ బోవుదురు. విమర్శకులు సైతము ఇందు ధృతరాష్ట్రుని వనగమనమును, వ్యాసమహిమచే మృతవీరులు గంగనుండి లేచివచ్చిన పుత్రదర్శనమును, దావాగ్నియందు వృద్ధుల దేహత్యాగమును బరామర్శించి, నడుమనున్న విదురదర్శనఘట్టమును యోగమహిమకు దృష్టాంతముగ నొక్క వాక్యమున ముగింతురు. ఆ ఘట్టమున యోగమహిమ యున్నమాట నిజమే. కాని పలుకని పెద్దను జూడఁబోయిన పుత్రుఁడు ఆ పెద్దయెదుట నెట్లు నిలువవలెనో అదియు నందు నిరూపితమైనదని నా యభిప్రాయము. దానిని సోపపత్తికముగ నివేదించుటకే ఈ వ్యాసము.

ఈ విచారమునకు నన్నుఁ బ్రేరేపించినది గ్రంథము కాదు. కావున ఆ కారణమును ముందుగాఁ జెప్పుట న్యాయము. మా జన్మస్థానము నెల్లూరు మండలమునఁ బడమటిభాగమున, ఆత్మకూరు ఉదయగిరి ప్రాంతములకుఁ జేరిన మఱ్ఱిపాడు. ఇప్పుడు మర్రిపాడని వ్రాయుదురు. మా తండ్రిగారు ఆ చుట్టుపట్టులనే ఉపాధ్యాయులుగా నుండి, ఎందఱికో అక్షరాభ్యాసము చేసి, నాకు శబ్దమంజరి మొదలు కౌముదివఱకుఁ జెప్పినవారు. ఇప్పుడు వారికి ఎనుబదియాఱేండ్లు. నాలుగేండ్లక్రిందట వారికి మఱపు మొదలైనది. మొదట వస్తువుల పేళ్లు పోయినవి, పిదప మనుష్యుల పేళ్లు, తరువాత కాలము. రెండేండ్లనుండి వారు నెల్లూరిలో నొక వృద్ధనిలయమున నున్నారు. నేను పదునైదు దినముల కొకమాఱు పోయి చూచి వచ్చుచున్నాను.

నెల్లూరు తిక్కన సోమయాజి యూరు. మనుమసిద్ధి యాస్థానమున నుండి విరాటపర్వము మొదలు పదునేను పర్వములను దెనిఁగించిన యామహాకవి ఆశ్రమవాస పర్వమును సైతము తెలుఁగువారి కొసఁగినాఁడు. తండ్రిని జూడఁబోవు త్రోవలో నాకు ఈ పర్వము తలఁపునకు వచ్చుట స్థలబలముచేతనే కావచ్చును. అయినను ఈ వ్యాసమున శబ్దవిచారము ప్రధానము గనుక వ్యాసుని మూలమునే యాధారముగఁ గైకొంటిని.

కథాసందర్భమును స్మరింతము. యుద్ధానంతరము ధృతరాష్ట్రుఁడు పదునైదు సంవత్సరములు ధర్మరాజు పోషణమున హస్తినాపురముననే యుండెను. ధర్మజుఁడు ఏ లోపమును రానీయలేదు. భీముఁడు మాత్రము ములుకులవంటి మాటలాడుచుండెను. వృద్ధరాజు తుదకు అడవికిఁ బోవ ననుజ్ఞ వేఁడెను. ధర్మరాజు సమ్మతింపలేదు. వృద్ధుఁడు నిరాహారుఁడై కృశించెను. వ్యాసుఁడు వచ్చి నచ్చఁజెప్పిన పిదపనే యనుమతి లభించెను. గాంధారియు, కుంతియు, విదుర సంజయులును ఆయనతోఁ జనిరి. కొంతకాలమునకుఁ బాండవులు తల్లిని, పెదతండ్రిని జూడఁగోరి సపరివారముగ నాశ్రమమునకుఁ బోయి, మాసమునకుఁ బైగా నచట నుండిరి. వారు మరలివచ్చిన రెండేండ్లకు నారదుఁడు దావాగ్నివార్త తెచ్చెను.

ఇచట ఆశ్రమశబ్దమును గుఱించి యొక మాట. నేఁడు మనము వాడుచున్న వృద్ధాశ్రమపదమున నీశబ్దమే యున్నది. కాని దాని ప్రవృత్తినిమిత్తము మాఱినది. పోయెదనన్నవాఁడు వృద్ధుఁడు, వలదన్నవాఁడు పుత్రుఁడు: ఇది పర్వములోని క్రమము. మా యింట పోయెదనని మా తండ్రిగా రనలేదు; వలదని నేనును అనలేదు. రాత్రులందు తలుపు తెఱచుకొని వీథిఁ బడి పోవుచున్న వారిని గాచుటకు మా కింట శక్తి చాలలేదనుట నిజము. అది హేతువగునుగాని క్రమమును మార్పఁజాలదు. 2007వ సంవత్సరమున భారతదేశమునఁ జేయఁబడిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము పెద్దలను విడిచిపెట్టినవారికి మూఁడు మాసములవఱకు కారాగారమును, 5,000 రూపాయలవఱకు జరిమానాయును విధించుచున్నది. ప్రతిజిల్లాయందును కనీస మొక వృద్ధనిలయముండుటను ఉద్దేశించుచున్నది. చట్టము విడిచిపోవువానిని శిక్షించును. చూడవచ్చి బాధించువానిని శిక్షింపదు. ఈ రెండవ యపరాధమును నేను జేసితిని. దానిని ముందు జెప్పెదను.

ఇఁక ఘట్టము. పాండవు లాశ్రమమునకు వచ్చిన పిదప ధర్మరాజు కుశలప్రశ్నములు చేసి, విదురుఁడు కనఁబడఁడేమని యడిగెను. ఆయన వాయుభక్షకుఁడై ఘోరతపము చేయుచు, అప్పుడప్పుడు మాత్రమే ఈ వనమునఁ గనఁబడునని ధృతరాష్ట్రుఁడు చెప్పుచుండఁగనే విదురుఁడు దూరమునఁ గానవచ్చెను. జడలు కట్టిన తల, నోట వీట, వస్త్రహీనమై ధూళిగప్పిన మేను. ఆయన ఆశ్రమమువంకఁ జూచి మరలిపోయెను. ధర్మరా జొంటరిగా వెంటఁబఱువిడెను. కనఁబడుచు, కనఁబడకయుఁ బోవుచున్న యాయనను బిలుచుచు, తాను రాజగు యుధిష్ఠిరుఁడననియు, ఆయనకు దయితుఁడననియుఁ జెప్పెను. తుదకు నిర్జనప్రదేశమున నొక చెట్టు నానుకొని విదురుఁడు నిలిచెను. ఆకారమాత్రమే మిగిలియున్న యాయనను ధర్మజుఁడు గుర్తించి, ఎదుట నిలిచి, వినఁబడునట్లు మరలఁ దన పేరు చెప్పుకొనెను. విదురుఁడు మాటాడలేదు, ఱెప్పవాల్పక చూచెను. అటుపై యోగబలముచే ఆయన ప్రాణములును, ఇంద్రియములును, తేజస్సును ధర్మరాజునందుఁ బ్రవేశించెను. దేహము చెట్టు నానుకొనియే యుండెను. ధర్మరాజు తాను మునుపటికంటె బలవంతుఁడననియు, గుణాధికుఁడననియు భావించి, తన పూర్వస్థితి నంతయు స్మరించెను.

విదురుఁడు మాండవ్యశాపమున శూద్రయోనిఁ బుట్టిన యమధర్మరాజు. యుధిష్ఠిరుఁడు ఆ ధర్మునివలనఁ బుట్టినవాఁడు. కాఁబట్టి లోకదృష్టిచే పినతండ్రియైనను, తత్త్వదృష్టిచే నిచట పుత్రుఁడు చూడవచ్చినది తండ్రినే. ఈ సంబంధమును వ్యాసుఁడే పర్వమున బయలుపఱచును. మనము విచారింపవలసినవి మూఁడంశములు. మొదటిది: ధర్మరాజు ప్రశ్నింపలేదు, నివేదించెను. రెండవది: ఆ నివేదనమున దయితశబ్దమును జేర్చెను. మూఁడవది: స్మరణక్రియకు ఇచటఁ గర్త వృద్ధుఁడు కాఁడు, పుత్రుఁడు.

ఇందుఁ బూర్వపక్షము బలమైనది. విదురుని మౌనము వ్రతము. నోట వీటను ధరించుటయే దానికి గుఱుతు. ఆయన యెఱుక పోయినవాఁడు కాఁడు, ఎఱుక పండినవాఁడు. అట్టి యోగీశ్వరునితో స్మృతిరోగముచేఁ బీడితుఁడైన వృద్ధునిఁ బోల్చుట రసభంగకరము, అపచారమును. దీనికి సమాధానము. నేను విదురునకు రోగమును ఆరోపించుటలేదు. సామ్యము ఆ కొనయందుఁ గాదు, ఈ కొనయందు. ఎదుటివాని లోపల నున్నది యోగమో, రోగమో, నిద్రయో, చూడవచ్చినవాని కెట్లు తెలియును? వానికిఁ గనఁబడునది కృశించిన మేను, ఱెప్పవాలని చూపు, రాని మాట. ధర్మరాజు పఱువిడునప్పుడు యోగప్రవేశము జరుగునని యెఱుఁగఁడు. ఎఱుఁగక చేసిన పనియే యిచట విచార్యము. రసమునకు ఆశ్రయము ధర్మరాజు, విదురుఁ డాలంబనము. అందుచేత దోషము లేదు.

మనవాఙ్మయమున మఱపును గుఱించి ప్రసిద్ధమైన కృతి కాళిదాసుని శాకుంతలము. భారతకథయందు దుష్యంతుఁడు శకుంతలను మఱవలేదు. ఎఱిఁగియు నెఱుఁగనట్లు పలికెను. అశరీరవాణి పలికిన పిదప నంగీకరించెను. కాళిదాసుఁడు దుర్వాసశాపమును గల్పించి యా కపటమును విస్మృతిగా మార్చెను. శాపమునకు విరుగుడుగా ఉంగరమును గల్పించెను. అదియే అభిజ్ఞానము. శకుంతల నిండుసభయందు ఉంగరమును జూపఁబోయి లేకుండుటఁ జూచి, వనమునందలి లేడిపిల్ల వృత్తాంతమును జెప్పి జ్ఞప్తి తెప్పింపఁ జూచెను. ఆ ప్రయత్నము విఫలమైనది. పిదప ఉంగరము చేఁపకడుపున దొరికినది, రాజునకు సర్వము జ్ఞప్తికి వచ్చినది. నాటకమునకు ఇది యుచితము. కాని ఈ కథ మనకు తెలియకుండ నొక దురభ్యాసమును నేర్పినది. మఱచినవానియెదుట మనమందఱము శకుంతలలమై ఉంగరమును వెదకుచుందుము. పాతపటమును జూపుదుము, పాతపేరును జెప్పుదుము, 'ఇది జ్ఞప్తియున్నదా' యని యడుగుదుము. ఏ చేఁపకడుపునను లేని యుంగరమును వెదకుట వృద్ధునకు బాధ, వెదకువానికి నిరాశ.

నేఁటి వైద్యశాస్త్రము చెప్పుమాటయు నదియే. 1901వ సంవత్సరమున ఫ్రాంక్‌ఫర్టు వైద్యశాలకు ఆగస్టీ యను ఏఁబదియొక్క యేండ్ల స్త్రీని దెచ్చిరి. ఆమెను బరీక్షించిన వైద్యుఁడు అలోయిస్ ఆల్జైమర్. పేరు వ్రాయుమనఁగా ఆమె మొదలుపెట్టియుఁ బూర్తిచేయలేకపోయెను. ఆమె మరణానంతరము మెదడును శోధించి, 1906లో టూబింగెన్ నగరమున నా వైద్యుఁడు తన పరిశోధనమును వినిపించెను. 1910లో క్రెపెలిన్ తన గ్రంథమున నా వ్యాధికి ఆల్జైమర్ పేరు పెట్టెను. ఈ వ్యాధియందు మెదడులోని కణములే నశించుచుండును. మూసిన పెట్టెను దెఱచిన వస్తువు దొరకునట్లు, గుఱుతును జూపిన జ్ఞాపకము దొరకునను నియమ మిచట లేదు. 2023లో వెలువడిన యొక పరిశోధనము ప్రకారము భారతదేశమున అఱువదియేండ్లు దాఁటినవారిలో నూటికి 7.4 మంది, అనఁగా సుమారు 88 లక్షలమంది, స్మృతిలోపరోగముతో నున్నారు. కావున ఇది యొకానొక యింటి వ్యసనము కాదు. వైద్యుఁడు పేరడుగుట రోగనిర్ణయమునకు; అది యాతని ధర్మము. పుత్రుఁడు పేరడుగుట దేనికి?

నే నడిగితిని. మొదటి యేఁడు పోయినప్పుడెల్ల కూర్చుండకమునుపే 'నన్ను గుర్తించితిరా నాయనా? నా పేరేమి?' అని ప్రశ్నించుచుంటిని. వారొకమాఱు నా మొగమును, ఒకమాఱు గోడనుఁ జూచి, పాఠము రాని పిల్లవానివలెఁ దల వంచుకొనుచుండిరి. దశాబ్దముల తరబడి పిల్లలను బ్రశ్నించిన యుపాధ్యాయుఁడు తల వంచుకొనఁగాఁ జూచియు నేను మానలేదు. ఎప్పుడైన నొకనాఁడు నా పేరు పలుకుదురేమోయను నాశ. ఆ నిలయమున వారికి అన్నము పెట్టు నామె యొకనాఁడు నాతోఁ జెప్పిన మాటను ఆమె భాషయందే వ్రాయుచున్నాను: 'పెద్దాయన్ని అట్ట పరీక్ష పెట్టబాకండి సామీ. మీరు పోయినాక ఆ పూట అన్నం ముట్టరు.' నాకు శాస్త్రము చెప్పినవారెవ్వరును చెప్పని విమర్శనసూత్రము ఈ మాటలో నున్నది. ఆ రాత్రి యింటికి వచ్చి ఆశ్రమవాస పర్వమును విప్పితిని. అంతకుముందు పలుమాఱులు చదివిన ఘట్టమే. ధర్మరాజు ప్రశ్నింపలేదను సంగతి అప్పుడే కనఁబడినది.

ఇఁక శబ్దవిచారము. ధర్మరాజు తనపేరితోఁ జేర్చిన దయితశబ్దము క్తప్రత్యయాంతము. క్తప్రత్యయము సామాన్యముగా భూతార్థమున వచ్చును. కాని ఇచ్ఛ, జ్ఞానము, పూజ యను నర్థములుగల ధాతువులపై నది వర్తమానార్థమున వచ్చుననియు, అట్టి వర్తమానక్తముతోఁ గర్తకు షష్ఠి వచ్చుననియుఁ బాణిని శాసించెను. ఇచట దయితశబ్దము నా కోవలో గ్రహించినచో, యుష్మచ్ఛబ్దపు షష్ఠి చేరియుండుట సరిగా నప్పును. అర్థ మేమనఁగా: 'నీకుఁ బ్రియుఁడనై యుంటిని' అని కాదు, 'నీచేఁ బ్రేమింపఁబడుచున్నవాఁడను' అని. ఎదుటివాఁడు పలుకకున్నను, చూపు మరల్చుకొని పోవుచున్నను, ప్రేమక్రియకు ఆతనినే కర్తగా నిలిపి, వర్తమానముననే నిలిపి ధర్మరాజు పలికినాఁడు. దీనికి రుజువు అడుగలేదు. ఇంతకన్న సూక్ష్మమైన పుత్రవాక్యమును నేను మఱియొకచోటఁ జూడలేదు.

రెండవ శబ్దాంశము అభిజ్ఞ. పాణిని మూఁడవ యధ్యాయమున రెండవపాదమున స్మరణార్థకపదము సమీపముననున్నపుడు భూతకాలమున లృట్టును విధించెను. లృట్టు భవిష్యదర్థమునకుఁ బ్రసిద్ధము. వ్యాఖ్యాతలు చూపు నుదాహరణము దేవదత్తుని గూర్చినది: కాశ్మీరములందు మన ముంటిమి, జ్ఞప్తియున్నదా యనవలసినచోట, ఉందుము అను రూపమును వాడుదురు. బాల్యమున ఈ సూత్రము నాకు వింతగాఁ దోఁచెడిది. గడచినదానికి రాఁబోవుదాని రూపమేల? తండ్రిగారి నడిగితిని. భాష యట్లున్నది, పాణిని చూచి చెప్పినాఁడు, వల్లించుమనిరి.

ఇప్పుడు వారే దానికి భాష్యము చెప్పుచున్నారు. చూడఁబోయినప్పుడెల్ల వారు నాతో ననుమాట యిది: 'రేపు ఉదయగిరికి పోదాము, తెల్లవారకమునుపే బండి కట్టించు.' పసితనమున వారు మఱ్ఱిపాటినుండి ఎద్దులబండిలో ఉదయగిరికిఁ బోయి, యచట నొక పండితునియొద్దఁ గొన్నాళ్లు అమరముఁ జదివినారు. 1514లో కృష్ణరాయలు గజపతులనుండి గైకొన్న కొండకోట ఆ యూరనే యున్నది. ఆ కోటను మొదటిసారి చూచినప్పటి యాశ్చర్యమును వారు మాకు బాల్యమునఁ బలుమాఱులు వర్ణించినారు. అది డెబ్బదియేండ్లనాఁటి సంగతి. ఇప్పుడది రేపటి సంగతియైనది. నేను మొదట, ఉదయగిరిలో నిప్పుడు మనవారెవ్వరును లేరనియు, ఆ గురువుగారు గతించిరనియు సరిదిద్దుచుంటిని. ఆ మాట విన్నప్పుడెల్ల వారికి గురుమరణము క్రొత్తగా జరిగినట్లయ్యెడిది. పిదప లృట్సూత్రము స్ఫురించినది. వారు భవిష్యత్తును జెప్పుటలేదు, స్మరించుచున్నారు. రూపము లృట్టు, అర్థము భూతము. శాస్త్రమంగీకరించిన ప్రయోగమును సరిదిద్దుటకు నే నెవఁడను? ఇప్పుడు 'అట్లే నాయనా, కట్టించెదను' అనుచున్నాను.

ఆ సూత్రమునకుఁ బిమ్మటనే పాణిని నిషేధమొకటి చెప్పెను. యచ్ఛబ్దము ప్రయుక్తమైనచో లృట్టు రాదు. నాకుఁ దోఁచిన యూహ: యత్తుతో సంగతిని ముడివేసినచో నది గడచిన వృత్తాంతముగ నిశ్చితమగును. ముడివేయక విడిచినచో స్మరణ మింకను జరుగుచున్నదియే. ఇది భాష్యకారుని మాట కాదు, నా యూహ మాత్రమే. పండితులు పరిశీలింతురుగాక.

లిట్టును గూర్చిన విచారమునఁ బతంజలి మఱియొక సంగతి చెప్పెను. వైయాకరణుఁడైన శాకటాయనుఁడు రథమార్గమునఁ గూర్చుండియు, ఎదుటఁ బోవుచున్న బండ్ల బారును గానలేదఁట. మనస్సుతోఁ గూడినపుడే యింద్రియములు గ్రహించునని యందలి సారము. వృద్ధనిలయము వాకిటఁ బెద్దబాట. మా తండ్రిగారు అరుగుపైఁ గుర్చీలోఁ గూర్చుందురు, లారీలు పోవుచుండును. వారు చూచుచున్నట్లుందురు, చూడరు. వైయాకరణుఁ డొకఁడు మార్గమునఁ గూర్చుండి లోకమును గానక యుండుట మనశాస్త్రమునకుఁ గ్రొత్త గాదు. శాకటాయనునిఁ బతంజలి నిందింపలేదు, ఉదాహరించెను.

తుదియంశము అభివాదనము. ఆ పర్వమును మరలఁ జదివిన పిదప నేను నిలయమునకుఁ బోయి, ప్రశ్నింపక, ధర్మరాజు చేసినట్లు పేరు నివేదింప నిశ్చయించితిని. ఉపనయనమునాఁడు వారే నేర్పినట్లు చెవులు తాఁకి, గోత్రప్రవరలు చెప్పి, పేరు చెప్పి నమస్కరించితిని. చిన్నవాఁడు తన పేరు తానే చెప్పుకొనుట అభివాదనమునకు లక్షణము. పెద్దవాఁడు ఎఱిఁగియుండవలెనను నియమ మందు లేదు. ఎంతటి యెఱుకగలవానియెదుటనైనను పేరు చెప్పియే నమస్కరింపవలెను. ఈ యాచారమునందలి దయ నాకు ఏఁబదియేండ్లు దాఁటినపిదపఁ దెలిసినది.

వారు తల యెత్తిరి. చేయి యెత్తి యాశీర్వదించిరి. ఆ యాశీర్వచనమున నప్పుడే విన్న నా పేరును బలికి, దాని తుది యచ్చును బ్లుతముచేసి మూఁడు మాత్రలు పలికిరి. ప్రత్యభివాదమున టికిఁ బ్లుతమును విధించిన పాణినిసూత్రము ఎనిమిదవ యధ్యాయమున నున్నది. ఆ సూత్రము జాతినిబట్టి చేసిన పరిమితి నేఁటివారికి గ్రాహ్యము కాదు. ఇచటఁ బ్రస్తుతము స్వరము. ఆ యచ్చు దీర్ఘముకన్న నొక మాత్ర యధికముగ, తప్పక, తడఁబడక నిలిచినది. నే నెవఁడనో వారికిఁ దెలియదు. నా పేరికి మూఁడుమాత్రలు ఇయ్యవలెనని తెలియును. చరకుఁడు స్మృతికిఁ జెప్పిన యెనిమిది కారణములలో అభ్యాసమును, పునఃశ్రవణమును గలవు. మనుష్యుని పేరు పోయినచోట అభ్యాసము మిగిలినది.

పిమ్మట వారు నన్నుఁ గూర్చుండుమని, 'ఏ ఊరు బాబూ మీది?' అని యడిగిరి. మఱ్ఱిపాడని చెప్పితిని. వారి మొగము విప్పారినది. 'మాదీ మర్రిపాడే' అనిరి. ఆ పూట వారు అన్నము తినిరని పిదప నామె చెప్పినది.

ఇప్పుడు మరల గ్రంథమునకు వత్తము. ధర్మరాజు నివేదనమునకు విదురుఁడు మాటతోఁ బ్రత్యభివాదము చేయలేదు. కవి యాస్థానమున చూపును నిలిపి, ప్రవేశమును నిలిపినాఁడు. అంతటితో ధర్మరాజు తన పూర్వస్థితిని స్మరించెనని చెప్పినాఁడు. స్మృతి తండ్రియందుఁ గాక పుత్రునియందుఁ బుట్టినది. శాకుంతలమున స్మరింపవలసినవాఁడు మఱచినవాఁడే. అందుకే ఉంగరము కావలెను. ఈ ఘట్టమున స్మరణభారము చూడవచ్చినవానిదైనది, ఉంగరముతోఁ బనిలేదు. ఇది యీ రెండు ఘట్టములకును గల ప్రధానభేదము. కాళిదాసుని నాటకము సుఖాంతము. వ్యాసుని ఘట్టము సుఖాంతము కాదు, దుఃఖాంతమును గాదు. విదురుని దేహము చెట్టు నానుకొనియే యున్నది. దహింపఁబూనిన ధర్మరాజును అశరీరవాణి వారించినది. కొడుకు చేయఁదలఁచిన కడపటి పనియు వానికి దక్కలేదు, దక్కినది స్మరణమే.

ఇదే పర్వమునఁ బాండవుల రాకను వర్ణించుచు వ్యాసుఁడు మఱియొక సూక్ష్మమును జూపెను. ధర్మరాజు తనవెంట వచ్చిన జనులను నామగోత్రములతో ధృతరాష్ట్రునకు నివేదించెను. వారందఱు చుట్టును జేరఁగా, అంధుఁడైన యావృద్ధుఁడు ఆనందబాష్పములతో, తాను వెనుకటివలె హస్తినాపురముననే యున్నట్లు భావించెను. ఇది వనము, హస్తినాపురము కాదని ఆయనతో నెవ్వరు ననలేదు. ఇచటను క్రమ మదియే: పేళ్లు చెప్పినవారు వచ్చినవారు, పేళ్లు చెప్పుమని వృద్ధునిఁ గోరలేదు. ఒకే పర్వమున రెండుచోట్ల నీ క్రమము కనఁబడుటచేత నిది యాదృచ్ఛికము కాదనియుఁ, గవి యెఱిఁగి నిలిపిన మర్యాదయేననియు నాకుఁ దోఁచుచున్నది.

ఈ వ్యాఖ్యానమున నా దుఃఖము చేరియుండుటచేత గ్రంథమునకు లేని యర్థమును జేర్చితినేమోయను శంక నాకును గలదు. అందుకే శబ్దమును, క్రమమును, సందర్భమును మాత్రమే ప్రమాణముగాఁ జూపితిని. దయితశబ్దము వర్తమానక్తమని యొప్పుకొననివారును, ధర్మరాజు ప్రశ్నింపలేదనుటను గాదనలేరు. తండ్రిని ఆశ్రమమునకుఁ బంపిన దోషము నా కీ వ్యాసమువలనఁ దొలఁగదు; ఆ విషయమున ధర్మరాజుతో నాకు సామ్యము లేదు. చూడఁబోవునప్పుడు ఏమి చేయవలెనో మాత్రము ఆయన చూపినాఁడు. దానినైనఁ జేయుచున్నాను. గుణదోషములను బండితులు నిర్ణయింతురుగాక.